అందరికీ నలభై ఆరే

జనవరి నెలాఖరు శుక్రవారం. ఒక పూట సెలవు రాసిచ్చి మధ్యాహ్నం రెండున్నరకు విజయనగరం స్టేషనుకు చేరాను. పలాస వెళ్ళే పాసింజరు మూడింటికి రావాలి. నాలుగు కావస్తుండగా వచ్చింది. ఈలోగా ఒక టీ తాగాను. అది టీ అని కొట్టువాడు చెప్పబట్టి నమ్మాను.

నేను వెళుతున్నది పాతపట్నం అవతల, ఒడిశా సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఒక పల్లెలోని ఉన్నత పాఠశాలకు. చూడదగ్గ గుడి గానీ జలపాతం గానీ అక్కడ ఉన్నట్టు నేను వినలేదు. అక్కడ రూతు ఉంది. రూతు నాలాగే జీవశాస్త్రం చెప్పే టీచరు. రెండేళ్ళ కిందట విశాఖలో జరిగిన వేసవి శిక్షణలో ఇద్దరం ఒకే గదిలో ఉన్నాం. ఇప్పుడు ఆమెకు ఒక చేదుమాట చెప్పాలి. ఫోనులో చెప్పేస్తే పోయేది, కానీ నాకు మనసొప్పలేదు.

సంగతి ఇది. ఆ శిక్షణలో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసే ఒక శాస్త్రవేత్త మాకు ఒక పాఠం నేర్పారు. ఆకు గాలి పీల్చి వదిలే సన్నటి కన్నాలను పత్రరంధ్రాలంటారని పాఠ్యపుస్తకంలో ఉన్నదే. ఎండలు ముదిరి గాలి మారుతున్న కొద్దీ చెట్లు ఆ కన్నాలను పెంచుకుంటున్నాయా, తగ్గించుకుంటున్నాయా అన్నది మాత్రం పుస్తకంలో లేదు. ఆవిడ వెతుకుతున్నది అదే. మన వైపు జీడిమామిడి చెట్ల సంగతి ఆవిడకు కావాలి. అందుకు పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. జీడాకు అడుగు వైపు రంగులేని నెయిల్ పాలిష్ పూసి, ఆరాక దాని మీద టేపు అతికించి మెల్లగా ఊడదీస్తే ఆకు ముద్ర టేపుతో వచ్చేస్తుంది. దాన్ని గాజుపలక మీద అంటించి, మైక్రోస్కోపులో చూసి, కనిపించే గుండ్రటి జాగాలో ఎన్ని కన్నాలున్నాయో లెక్కపెట్టి రాసి పంపాలి. ఎనిమిదో తరగతి పిల్లలు చేయగల పనే. జవాబు మాత్రం ఇంకా ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ళూ తెలిసిన జవాబులే పిల్లల చేత వల్లె వేయించిన నాకు ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు.

శిక్షణకు వెళ్ళిన వాళ్ళం డజను మందికి పైనే. బడికొక మైక్రోస్కోపు ఇచ్చి, వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టారు. మొదటి ఏడాది అందులో ఆకులు, ముద్రలు, అంకెలు వచ్చేవి. రెండో ఏడాదికి శుభోదయాలు, గులాబీలు మిగిలాయి. కొందరికి బదిలీలయ్యాయి. కొందరిని పదో తరగతి ఫలితాలు మింగేశాయి. ఒకాయన, పిల్లలు పగలగొడితే స్టాకు రిజిస్టరుకు తను జవాబు చెప్పుకోవాలని, మైక్రోస్కోపును బీరువాలో పెట్టి తాళం వేసేశాడు. చివరికి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో మిగిలింది నేనూ రూతూ.

మా స్టాఫ్‌రూములో నన్ను గోళ్ళరంగు మేడం అంటారు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని హెడ్మాస్టారి సామెత. నవ్వుతూ అంటారు కాబట్టి బదులు చెప్పడానికి వీలుండదు. నేను పెళ్ళి చేసుకోలేదు. ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను. సాయంత్రం పూట ఆకు ముద్రలో ఏదైనా వింత కనబడితే ఫొటో తీసి పంపడానికి నాకున్నది రూతు ఒక్కతే. వెంటనే ఫోను మోగేది. "అక్కా, ఇదేటక్కా, ఇలగున్నాది!" అనేది. ఆ ఒక్క మాటకు నా రోజు గడిచిపోయేది.

పోయిన వారం ఆ శాస్త్రవేత్త నాకు ఫోను చేశారు. "మీ స్నేహితురాలి బడి నుంచి వచ్చిన అంకెలు చూశారా? తరగతిలో అందరికీ నలభై ఆరే. వేరు వేరు చెట్ల ఆకులు, వేరు వేరు పిల్లలు. అలా ఎన్నటికీ రాదండీ. కూర్చుని రాసేసినట్టున్నారు. ఫిబ్రవరి మొదటి వారంలో లెక్కలు ముగించాలి. ఆ బడిని తీసేస్తున్నాను. మీరు కాస్త మెల్లగా చెబుతారా?" అన్నారు. ఒక్క వారం ఆగమని అడిగాను. రూతు అబద్ధం రాసే మనిషి కాదు. అయితే ఆ నలభై ఆరు ఎక్కడి నుంచి వచ్చింది? నేనడిగితే రూతు ఏమనుకుంటుంది? అడగకపోతే ఆ బడి పోతుంది, అడిగితే రూతు స్నేహమే పోవచ్చు. ఇదీ నేను మోసుకెళ్ళిన మూట. బట్టల సంచి తేలికే.

రైలులో కిటికీ దొరికింది. చీపురుపల్లిలో ఎక్కిన ఒక ముసలాయన ఎదురుగా కూర్చుని, తువాలుతో మొహం తుడుచుకుని విచారణ మొదలుపెట్టాడు.

"ఏ ఊరమ్మా? ఒక్కర్తివేనా? పిల్లలెంతమంది?"

"ఎనిమిదో తరగతిలో నలభై మంది," అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, "అయితే టీచరమ్మవి. అదీ మాటే," అని సంచిలోంచి ఉడకబెట్టిన చిలగడదుంప తీసి సగం విరిచి ఇచ్చాడు. మా ఇద్దరికీ మళ్ళీ మాట్లాడే పని పడలేదు.

శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగేసరికి అయిదు దాటింది. స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. ఊళ్ళోకి ఇంకా చాలా దూరం ఉంది. కొత్తవాళ్ళు రైలు దిగితే శ్రీకాకుళం వచ్చేసినట్టే అనుకుంటారు, ఆటోవాళ్ళకు ఆ సంగతి బాగా తెలుసు. అందరితో కలిసి షేరు ఆటో ఎక్కడం మేలు. శ్రీకాకుళంలో ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర దిగి, పక్క సందులో ఒక లాడ్జికి వెళ్ళాను.

"ఒక్కరేనా? కూడా ఎవలూ రాలేదేటి?" అన్నాడు కౌంటరు మీది మనిషి.

"రాలేదు."

"ఎనకాతల వస్తారేటి?"

"ఎనకాతలా రారు."

ఆధార్ కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, ఏదో పెద్ద మనసు చేసుకున్నట్టు తాళం ఇచ్చాడు. గది శుభ్రంగానే ఉంది. దుప్పటికి నాఫ్తలీన్ వాసన. కింద మెస్సులో చపాతీ తిని, గదికొచ్చి అద్దం ముందు నిలబడి రేపు రూతుతో అనాల్సిన మాటలు పలికి చూసుకున్నాను. ఒకసారి ఇన్‌స్పెక్షనుకు వచ్చిన అధికారిలా వినిపించాయి, ఒకసారి చావు కబురు చెప్పేదానిలా వినిపించాయి. నా నోరు మంచిది కాదని మా బడిలో పేరు. ఉన్నది ఉన్నట్టు అనేస్తాను, తర్వాత ఒక్కదాన్నే కూర్చుని బాధపడతాను. ఎనిమిదిన్నరకే దీపం ఆర్పేసి పడుకున్నాను.

తెల్లవారి ఆరింటికి కాంప్లెక్సులో పాతపట్నం బస్సు దొరికింది. ఆడవాళ్ళకు ఇప్పుడు పల్లెవెలుగు బస్సుల్లో డబ్బుల్లేవు కదా. కండక్టరు ఆధార్ చూసి సున్నా టిక్కెట్టు కొట్టిచ్చాడు. పక్క సీటులోని మగమనిషి తన టిక్కెట్టును, నా టిక్కెట్టును మార్చి మార్చి చూసి, "మగోడై పుట్టినందుకు జరిమానా కడతన్నామండి," అన్నాడు. బస్సులో నలుగురు నవ్వారు, నేనూ నవ్వాను. ఆ ఉదయం నాకు ఆ నవ్వు అవసరమే.

మడపాం దగ్గర వంశధార మంచులో కనబడనే లేదు, వంతెన మీద చక్రాల మోత మారడమే గుర్తు. నరసన్నపేటలో బస్సు పది నిమిషాలు ఆగింది. ఇక్కడి టీ నిజంగా టీనే. సారవకోట దాటాక మంచు విడిపోయింది. కోసిన మళ్ళలో మినుము పచ్చగా ఉంది. దూరంగా కొండల మీద జీడితోటలు పూతకొచ్చాయి, కిటికీలోంచి ఆ వాసన కూడా వచ్చింది. ఎనిమిది దాటాక పాతపట్నంలో దిగాను. ఇడ్లీ బండి దగ్గర సగం మంది ఒడియాలో, సగం మంది తెలుగులో మాట్లాడుతున్నారు, బండివాడు ఇద్దరికీ ఒకే చట్నీ వేస్తున్నాడు. తిని, ఆ పల్లెకు వెళ్ళే షేరు ఆటోలో ఇరుక్కున్నాను. పర్లాకిమిడి సంతకు కొండచీపుళ్ళు తీసుకెళ్ళే ఆడవాళ్ళు దారిలో రెండు కట్టలు నా ఒళ్ళో పెట్టి, దిగేటప్పుడు తీసుకున్నారు. చీర నిండా పొట్టు.

బడి గేటు దగ్గరే రూతు ఎదురొచ్చింది. నాకన్నా పదేళ్ళు చిన్నది. పలచగా, ఎప్పుడూ ఇస్త్రీ చీరలో, నవ్వితే కళ్ళు కనబడకుండా పోతాయి.

"ఏటక్కా ఇది! నిన్న మెసేజీ, ఇయాల మనిషి! రాత్రే వచ్చీసి ఉంటే మా ఇంట్లో తొంగునేవారు కదా. ఒక్కరూ ఆ లాడ్జీలో ఉన్నారేటి?" అని నా చీర మీది పొట్టు దులపడం మొదలుపెట్టింది. వస్తున్నానని, రాత్రికి లాడ్జిలో ఉంటానని ముందు రోజు మెసేజీ పెట్టాను గానీ ఏ పని మీదో రాయలేదు. ఆమె కూడా అడగలేదు. తన పిల్లల్ని చూడ్డానికే వచ్చాననుకుంది.

"రెండో పీరియడు ఎనిమిదో తరగతేనక్కా. మీరొచ్చినారని ఆకు పాఠమే మళ్ళీ సేయిస్తాను. సూద్దురు గాని, మా పిల్లలొక్కరికీ తప్పు రాదు," అంది. ఆ గొంతులో గర్వం వినిపించింది.

వరండాలో వెళుతుంటే పక్క గదిలో ఆరో తరగతివాళ్ళు ఎక్కాలు చదువుతున్నారు. అందరిదీ ఒకే గొంతు. ఎక్కడా ఒక అక్షరం ముందు గానీ వెనక గానీ పడలేదు. బాగుందని నేను అనబోయే లోపలే ఎనిమిదో తరగతి వచ్చేసింది.

పిల్లలు లేచి దండం పెట్టారు. "ఈ మేడం ఇజీనగరం నుంచొచ్చినారు. మన్లాగే ఆకులు లెక్కెడతారు," అని రూతు పరిచయం చేసింది. తలా ఒక ఆకు తెచ్చుకున్నారు, ఒకరిది ఇంటి పెరట్లోది, ఒకరిది కొండ మీద తోటలోది. కొందరివి లేతవి, కొందరివి ముదురువి. నేను తెచ్చిన కొత్త సీసాలు పంచాను. ఆ సీసాలు కొన్నప్పుడు విజయనగరంలో కొట్టతను, "ఇంట్లో పెళ్ళేటి మేడం, ఇన్ని తీసుకుంటన్నారు?" అన్న మాట చెబితే గది గొల్లుమంది. తర్వాత అందరూ పనిలో పడ్డారు. ఎంత నేర్పుగా పూశారో, ఎంత ఓపికగా ఆరబెట్టారో! టేపు లాగేటప్పుడు నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి లాగారు. నా తరగతిలో సగం ముద్రలు చిరిగిపోతాయి. ఇక్కడ ఒక్కటీ చిరగలేదు. వీళ్ళు కూర్చుని రాసేశారని విశాఖలో కూర్చుని అనడం ఎంత తేలికో అనిపించి ఒళ్ళు మండింది.

మైక్రోస్కోపు కిటికీ దగ్గర బల్ల మీద ఉంది. తరగతి లీడరు ముందుగా వెళ్ళి చూసి, లెక్కపెట్టి, "నలభై నాలుగు టీచర్," అన్నాడు. రూతు బోర్డు మీద రాసింది. రెండో పిల్లవాడు తన ముద్ర పెట్టి చూసి, "నలభై ఏడు," అన్నాడు.

"కలవలేదు కదా. ఇద్దరూ మళ్ళీ సూడండమ్మా," అంది రూతు.

ఇద్దరూ మళ్ళీ చూశారు, గుసగుసగా ఏదో అనుకున్నారు. నలభై అయిదు దగ్గర కలిశారు. మూడో పిల్ల నలభై ఆరంది. మళ్ళీ ముగ్గురూ చూశారు. ఇప్పుడు ముగ్గురికీ నలభై ఆరే. అక్కడి నుంచి పని చకచకా సాగింది. వెళ్ళిన వాళ్ళు వెళ్ళినట్టే కంటిని ఆనించి, పెదవులు కదిపి, "నలభై ఆరు టీచర్," అని వచ్చేస్తున్నారు. ప్రతి నలభై ఆరుకూ తరగతి చప్పట్లు కొడుతోంది. ఒకరి ఆకు పెరటిదనీ ఇంకొకరి ఆకు కొండ మీదిదనీ, ఒకటి లేతదనీ ఒకటి ముదురుదనీ ఎవరికీ పట్టలేదు. పన్నెండు తొమ్మిదులు ఎవరు చదివినా నూటెనిమిదే అయినట్టు, ఆకు లెక్క కూడా ఎవరు చూసినా ఒకటే కావాలి. అందరికీ కలిసేదాకా చూడాలి. ఆ నలభై ఆరు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అప్పుడు అర్థమైంది.

చివరి బెంచీ నుంచి ఒక పిల్ల లేచి వచ్చింది. సుకాంతి అని పిలిచారు. వాళ్ళింట్లో ఒడియా మాట్లాడతారట. తన ముద్ర పెట్టి, ఒక కన్ను మూసి చాలా సేపు చూసింది. వేలితో బల్ల మీద ఒక్కొక్కటే తడుతూ లెక్కపెట్టింది. "ముప్పై తొమ్మిది టీచర్," అంది.

గది పకపకా నవ్వింది. రూతు కోప్పడలేదు. ఎంతో ప్రేమగా, "కంగారు పడకమ్మా. మళ్ళీ సూడు. వస్తాది," అంది.

సుకాంతి మళ్ళీ వంగింది. నేను బల్ల పక్కనే నిలబడ్డాను. ఈసారి ఆ పిల్ల రెండు కళ్ళూ మూసుకుంది. కాసేపు అలాగే వంగి ఉండి లేచి, "నలభై ఆరు టీచర్," అంది. చప్పట్లు. రూతు నా వైపు చూసి నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

మధ్యాహ్నం భోజనాలు వరండాలో. పిల్లలకు అన్నం, సాంబారు, గుడ్డు. మాకు రూతు ఇంటి నుంచి తెచ్చిన చేపల పులుసు. తినడం అయ్యాక చేతులు కడుక్కుని చెట్టు నీడన కుర్చీలు వేసుకున్నాం. అద్దం ముందు పలికిన మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. ఫోను వచ్చిన సంగతి, బడిని తీసేస్తామన్న సంగతి ఉన్నదున్నట్టు చెప్పేశాను. నిజం చెబితే నిష్ఠూరమంటారు. ఆ నిష్ఠూరం ఒక్కొక్క మాటకూ ఆమె మొహం మీద పేరుకోవడం చూస్తూనే చెప్పాను.

"అంటే మా పిల్లలు అబద్ధం రాసినారంటారు," అంది రూతు.

"అలగనలేదు రూతూ. ఒక్కొక్క ఆకుకీ ఒక్కొక్క లెక్క రావాల. ఆ తేడాలే ఆవిడకి కావాల. నువ్వు అందరికీ ఒకటే వచ్చేదాకా సూపిస్తన్నావు, అందుకే..."

"మీకు తెల్దక్కా." ఆమె గొంతు పెరగలేదు గానీ గట్టిపడింది. "ఈలు ఇంట్లో ఒక బాస, బళ్ళో ఒక బాస. నోరిప్పితే తప్పే. ఒక్కొక్కర్నీ లేపి అడిగితే ఏడుస్తారు. కలిపి సెప్పమంటే దైర్నంగా సెప్తారు. మా గుడిలో ఆదివారం అందరం ఒక్క గొంతుతో వాక్యం సదువుతాం. నోరు తిరగనోలు కూడా ఆ గొంతులో కలిసిపోయి సదివీస్తారు. నేనూ అలగే నేర్సుకున్నాను. అందరం రైటు అని ఈలు ఒక్క ఈ పాఠంలోనే అనిపించుకున్నారు. ఇప్పుడది కూడా తప్పంటే నేనేటని సెప్పాలి ఈలకి?"

ఆమె అన్నది నిజం. నేను అన్నదీ నిజమే. అక్కడితో ఊరుకుని లేచి వచ్చేసి ఉంటే మా స్నేహం మిగిలేది. కానీ ఆ పిల్ల మూసుకున్న కళ్ళు నన్ను ఊరుకోనివ్వలేదు.

"సుకాంతి రెండోసారి సూడలేదు రూతూ. కళ్ళు మూసుకుంది. నేను పక్కనే ఉన్నాను."

రూతు ఖాళీ చేపల గిన్నె మూత తీసి మళ్ళీ పెట్టింది. "రెండు కళ్ళూనా?" అంది.

"రెండూను."

గంట కొట్టారు. ఆమె లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, "మీ బస్సు టయిమైపోతాదక్కా," అంది. గేటు దాకా కూడా రాలేదు. నేనొక్కదాన్నే రోడ్డు మీదికి నడిచాను. అంత ఎండలో ఒంటరిగా నడవడం నాకు కొత్త కాదు. అయితే ఆ పూట రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను.

పాతపట్నంలో రెండున్నర బస్సు దొరికింది. వెళ్ళాలనుకునే వారికి ఒక మాట: సాయంత్రం బస్సుల్లో సంత జనం కిక్కిరిసి ఉంటారు, మధ్యాహ్నమే బయల్దేరడం నయం. కిటికీ పక్కన కూర్చున్నాను. జీడిపూత వాసన మళ్ళీ వచ్చింది గానీ పొద్దుటిలా బాగనిపించలేదు. నేను వెళ్ళకుండా ఉండాల్సింది అనుకున్నాను. వెళ్ళకపోతే ఆ పిల్ల ఇంకెన్నాళ్ళు కళ్ళు మూసుకునేదో అనుకున్నాను. రెండూ అనుకుంటూనే ఉన్నాను, ఏదీ తెగలేదు. ముందు సీటులో ఒకావిడ చంటిబిడ్డకు ఒడియాలో ఏదో పాడుతోంది. నాకు మాటలు తెలియలేదు.

నరసన్నపేట ఇంకా రాలేదు, మూడున్నర దాటి ఉంటుంది, ఫోను మోగింది. రూతు.

"అక్కా, ఇనిపిస్తన్నాదా?"

"ఇనిపిస్తన్నాది. సెప్పు."

నాతో ఇంకేమీ అనలేదు. ఫోను దూరంగా పట్టుకున్నట్టుంది. "ఒక్కొక్కలే సెప్పండి. కలిపి కాదు. ఎవలు సూసింది ఆలే సెప్పాల. నేను రైటనను, తప్పనను," అనడం వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు. ఎంతసేపో. ఫోను కట్టయిందేమోనని తీసి చూశాను. కాలేదు. ఆ తరగతి మొత్తం అవతల నోరు మూసుకుని నిలబడి ఉంది. నేను చెవికి గట్టిగా ఆనించుకున్నాను.

"ముప్పై తొమ్మిది," అంది ఒక సన్నటి గొంతు.

ఎవరూ నవ్వలేదు. "నాది నలభై నాలుగే టీచర్, ముందలే సెప్పినాను," అన్నాడు లీడరు. "నాది నలభై ఏడు." "నాకు ఏభై ఒకటి, నాది కొండ మీది ఆకు." "నాకు ముప్పై ఆరే టీచర్, మళ్ళీ సూసినా ముప్పై ఆరే." ఇక ఒకరి మాట మీద ఒకరు పడిపోయారు. పొద్దున ఎక్కాలు చదివిన ఆ గొంతు ఇక ఎక్కడా లేదు. సంతలో గోల ఉంటుందే, అది. నేను బస్సులో కూర్చుని పెదవులు కొరుక్కుంటూ విన్నాను.

ఆ గోలలోంచి రూతు మాట వచ్చింది. "ఇన్నారా అక్కా? నేనూ లెక్కెట్టినాను. నాకు నలభై రెండొచ్చింది. ఎవల్తోటీ కలవలేదు."

"కలవక్కర్లేదు రూతూ," అన్నాను.

అవతల నుంచి ఏదో అంది. బస్సు లోతట్టులోకి దిగింది, మాట తెగిపోయింది. మళ్ళీ చేస్తే దొరకలేదు. మళ్ళీ మళ్ళీ చేయడానికి నాకు ధైర్యం చాలలేదు. పిల్లల చేత చెప్పించిందే గానీ, ఎక్కడిదాకా వెళ్ళారక్కా అని నన్ను అడగలేదు. కోపం పోయిందో లేదో ఆ గొంతులో నాకు దొరకలేదు.

శ్రీకాకుళంలో దిగి, ఆటోలో స్టేషనుకు చేరేసరికి సాయంత్రం అయిదున్నర. విశాఖకు ఫోను చేసి, ఆ బడిని ఉంచమని, కొత్త అంకెలు సోమవారానికి వస్తాయని చెప్పాను. "మంచిది, మీరు మాట్లాడి చక్కబెట్టారన్నమాట," అన్నారావిడ. చక్కబెట్టింది నేను కాదని చెప్పబోయాను. ఆవిడకు ఇంకో ఫోను వచ్చింది.

ఆరు దాటాక వచ్చిన పాసింజరులో పెద్దగా జనం లేరు. నాగావళి వంతెన దాటుతుంటే నీళ్ళ మీద ఇంకా కొంచెం వెలుగు ఉంది. ఈ రెండు రోజుల్లో నేను చూసిన ఊళ్ళన్నింటిలో నాకు బాగా గుర్తుండేది ఆ ఫోనులో విన్న నిశ్శబ్దం. అంతమంది పిల్లలు తమ తమ అంకెను నోట్లో పెట్టుకుని, ముందు ఎవరు ఒంటరి అవుతారా అని చూసిన ఆ కొద్ది సేపు. ఆ భయం నాకు తెలుసు. స్టాఫ్‌రూములో రోజూ దాని పక్కనే కూర్చుంటాను. రూతు ఇప్పుడు అదే భయంలోకి తన తరగతితో సహా దిగింది, దింపింది నేను. రేపటి నుంచి నేను ఫొటో పంపితే ఆమె ఫోను చేస్తుందో లేదో తెలియదు.

మరిచిపోతానేమోనని అంకెలు పైకే చెప్పుకుంటున్నాను. ఎదురుగా పూల బుట్టతో కూర్చున్న నడివయసు ఆవిడ నన్నే చూస్తోంది.

"ఏటమ్మా ఒక్కరూ గొణుక్కుంటన్నారు? పిల్లల మార్కులేటి?"

"మార్కులు కావు. ఒకే పని ఇచ్చినాం. ఎవలు సూసింది ఆలు సెప్పినారు. ముప్పై తొమ్మిదని ఒకలు, నలభై నాలుగని ఒకలు, ఏభై ఒకటని ఒకలు."

"అయితే ఎవలిది రైటు?"

"అందరిదీను," అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. బుట్టను తన వైపు కాస్త జరుపుకుని కిటికీ వైపు తిరిగింది. విజయనగరం వచ్చేదాకా మళ్ళీ నాతో మాట్లాడలేదు.